ఎర్ర ఇంటూ

"తప్పు!" అని అరిచింది ఆట. తెర మీద ఎర్ర ఇంటూ పడింది. ట్యాబ్‌ని మంచం మీదకి విసిరికొట్టింది అమ్మ.

కూతురికి ఒళ్లు మండిపోయింది. పుస్తకాల్ని నంబర్ల వరసలో పెట్టడం పిల్లలకి నేర్పే ఆ ఆట తను ఆర్నెల్లు కూర్చుని తయారుచేసింది.

"ఎన్నిసార్లు చెప్పాలమ్మా? పక్కపక్కనున్న రెండింటినే అటూ ఇటూ మార్చాలి. చివరిదాన్ని తెచ్చి నేరుగా మధ్యలో దూరుస్తావేంటి?"

"దాని చోటు అదే కాబట్టి! ముప్పై ఏళ్లు లైబ్రరీలో సర్దినదాన్ని. ఒక్కోదాన్నీ పక్కదాంతో మారుస్తూ కూర్చుంటే తెల్లారినట్టే. ఇంతకీ వరస కుదిరిందా, లేదా?"

"కుదిరింది. కానీ ఆ పద్ధతి నాలుగో లెవెల్లో నేర్పుతాను. మొదట్లోనే వాడితే తప్పే."

అమ్మ మొహం జేవురించింది.

"జవాబు సరిగ్గానే వచ్చినా, తను చెప్పినట్టు చెయ్యలేదని నిన్ను బెంచీ ఎక్కించాడు చూడు, మీ లెక్కల మాస్టారు..."

ఆనాటి క్లాసు నవ్వులు కూతురి చెవుల్లో గింగురుమన్నాయి.

"ఆ రోజు బడికెళ్లి ఆయన్ని కడిగిపారేశాను. ఇవాళ ఎవర్ని కడగమంటావే?"