పన్నెండు చింతపిక్కలు

మా పక్క ముప్పై ఊళ్ళలో భయమంటే ఎరగని మగోడు గంగాధరం ఒక్కడే.

అలిపిరి నడకదారిలో చిరుత అడ్డమొస్తే, "పక్కకు జరుగప్పా, కొండకు పోవాల" అన్నాడంట. అది జరిగిందంట.

అట్లాంటి గంగాధరం మొన్న ఎండాకాలం పట్టపగలు, సొంత పంచలో నిలబడి గడగడా వణికినాడు.

ఒక జీపును చూసి.

"మామా! తిరుపతి యూనివర్సిటీ నుంచి వచ్చినారు. ఎవురెవుర్ని యాడ కూర్చోబెడతామో రాసుకోని పోతారంట," అంటా పక్కింటి చిన్నబ్బ పరిగెత్తుకొచ్చినాడు.

"రాసుకోని?"

"రాసుకోని ఏం జేస్తారో నీకు తెలీదా!"

గంగాధరానికి తెలుసు. ఊరి పాలన్నీ పోయించుకునేది ఆయన పంచలోనే. కాలనీవాళ్ళ పాలకు మాత్రం వేరే క్యాను. గుర్తుకు మూతికి ఎర్రపీలిక.

"ఇదేం పద్ధతి? స్టేషనుకు పోతా," అని కాలనీ మునిలక్ష్మి నాలుగు దినాల ముందే అనింది.

అట్రాసిటీ కేసుకు బెయిలు గూడా రాదని ఎవురో చెప్పినారు. అప్పటినుంచి ఆయనకు నిద్ర లేదు.

పాలవ్యాను ఇంకా రాలేదు. ఎర్రపీలిక క్యానును పాలతోనే ఎత్తుకొనిపోయి, కొట్టం వెనకాల పెట్టి గోనెపట్ట కప్పొచ్చినాడు. చిరుతను జరిపిన కాళ్ళు రెండుసార్లు తడబడినాయి.

చిరుత అన్నానే, అది కుక్కలెండి. కట్టేసిన కుక్క.

జీపులోంచి ఇద్దరు దిగినారు. ఒకడు కండ్లద్దాలు, ఇస్త్రీచొక్కా కుర్రోడు. రెండో ఆయన జీపు తోలుకొచ్చిన పెద్దమనిషి. నల్లగా, రబ్బరు చెప్పులతో, భుజాన సంచితో.

"రాండి సార్, రాండి," అని గంగాధరం కుర్రోడికి కుర్చీ తుడిచినాడు.

"నా పేరు రూపేష్ అండి. సార్ కూడా..."

"డ్రైవరు ఆడ నీడలో కూర్చుంటాడులెండి. మీరు రాండి."

డ్రైవరును గూడా సారంటాడే, పట్నం మర్యాద, అనుకున్నాడు.

పెద్దమనిషి నవ్వి, సంచి కుర్రోడి చేతికిచ్చి కొట్టం పక్కకు నడిచినాడు.

కొట్టం పక్కకే! గంగాధరం మెడ సాచి ఆ పక్కే చూసినాడు.

రూపేష్ నేలమీద సుద్దముక్కతో నాలుగు గళ్ళు గీసినాడు. వీధి, పంచ, నడిల్లు, వంటిల్లు. పన్నెండు చింతపిక్కలు చేతిలో పెట్టినాడు.

"ఒక్కో పిక్క ఒక్కో మనిషండి. నేను చెప్పినవాళ్ళు మీ ఇంట్లో ఎందాకా రావచ్చో, ఆ గడిలో పెట్టండి. చదువుకోసమే. మీ పేరు రాయం."

రాయం అన్నాడంటే రాస్తాడనే, అనుకున్నాడు గంగాధరం.

"బడి పంతులు?"

"వంటిల్లు."

"గాజులమ్మే సాయిబు?"

"వంటిల్లే సార్."

"కాలనీవాళ్ళు?"

"వంటిల్లు! పొయ్యికాడికే!"

"పన్నెండూ అందులోనేనా? మీ వంటిల్లు బాగా పెద్దదండి."

"పెద్దదే సార్," అని చెమట తుడుచుకున్నాడు. ఆ వంటింట్లోకి ఆయన పెండ్లాం పోతే పిల్లి బయటికి రావాల.

అప్పుడే పెద్దమనిషి మెట్లకాడికి వచ్చినాడు.

"అన్నా, రవ్వన్ని నీళ్ళు."

గంగాధరం చెంబు తెచ్చినాడు. ఆయన మెట్టు కింద దోసిలి పట్టినాడు. ఈయన పైనుంచి పోసినాడు. ఎవురూ ఏమీ అనుకోకుండానే జరిగిపోయింది.

పిక్కలు పన్నెండూ వంటింట్లోనే ఉండాయి. రూపేష్ తల వంచుకున్నాడు.

పెద్దమనిషి గొంతు తగ్గించి అన్నాడు.

"కొట్టం వెనకాల క్యానుండాది అన్నా. ఎండకు పాలు ఇరిగిపోతాయి. నీడకు మార్చు."



"ఏ... ఏ క్యాను?"

"ఎర్రపీలికది."

"అప్పా, నీకు దండం పెడతా. మీ సారుకు చెప్పొద్దు. మనవరాండ్లు గలోణ్ణి."

"చెప్పనన్నా. మేము కేసులు కట్టేవాళ్ళం కాదు. భయపడొద్దు."

రెండడుగులు పోయి మళ్ళా తిరిగినాడు.

"పాలు మాత్రం మార్చు. పోసినామె చీకటితో లేచి పిండింటాది."

జీపు పొలిమేర దాటేదాకా గంగాధరం కాలు కదపలేదు. పోయి చూస్తే పాలు ఇరిగిపోయుండాయి.

తిరుపతిలో ఎమ్మే చదివే మనవరాలు మహిత ఆదివారం వచ్చింది.

"డ్రైవరుకు తెలిసిపోయిందమ్మా," అన్నాడు ఆమెతో. "వాడు యాడన్నా నోరు జారితే నా గతేంది?"

"మా క్లాసు రూపేష్ వాళ్ళ జీపా? దానికి డ్రైవరే లేడే."

ఫోన్లో ఒక ఫోటో తెరిచి చూపించింది.

"ఈయనా?"

"ఈయనే! రబ్బరు చెప్పులాయన."

"రామచంద్ర సార్, తాతా. మా ప్రొఫెసరు. ఆ చింతపిక్కల పద్ధతి ఆయనదే. పిల్లోళ్ళకు బండి తోలేది రాదని ఆయనే తోలుకోని పోతాడు."

గంగాధరం ఫోను దగ్గరికి లాక్కోని ఇంకోసారి చూసినాడు.

"శానా కష్టపడి పైకొచ్చినాడు. గూడూరు పక్క పల్లెలో వాళ్ళమ్మ ఒక్క బర్రెను పెట్టుకోని, పాలు పోసి చదివించిందంట."

ఏ క్యాన్లో పోసేదో గంగాధరం అడగలేదు.

ఎర్రపీలిక ఆ సాయంత్రమే పొయ్యిలో పడింది. మునిలక్ష్మి మాత్రం మళ్ళా రాలేదు. రెండు మైళ్ళు నడిచి పక్కూర్లో పోస్తాండాది.

ఇదంతా జరిగిందే. గంగాధరం దోసిట్లో నీళ్ళు పోసినాడని రాసినానే, అదొక్కటే నా కల్పన. ఆ గంగాధరాన్ని నేనే; ఆ పొద్దు ఆయన నీళ్ళడిగితే ఆ చెంబు గూడా ముట్టలేదు.