రుచి చూడని వంట

"ఉప్పు ఇంకా ఎంత పడుతుందమ్మా?" పప్పు కలుపుతూ అడిగాడు వంట మాస్టారు.

ఆమె రుచి చూడలేదు. గంగాళం మీదికి వంగి ఆవిరి పీల్చి, ఇంకో గుప్పెడు కావాలంది. ఆయన మారు మాట్లాడకుండా వేసేశాడు. ఇది పరీక్షేనని ఆమె నమ్మకం.

యుద్ధం వల్ల ఇల్లూ వాకిలీ వదిలి వచ్చినవాళ్లూ, ఊళ్లోని హోటళ్ల వంటవాళ్లూ జంటలుగా వండి, నాలుగు వందల మందికి వడ్డించే విందు అది. ఆమెకి జోడీగా ఊళ్లోకెల్లా పెద్ద హోటలు మాస్టారు పడ్డాడు. ఆయన మెచ్చితే అక్కడ ఉద్యోగం. ఉద్యోగం వస్తే, శిబిరంలో దుప్పట్లు అడ్డం కట్టుకున్న మూల వదిలేసి, అత్తగారిని తీసుకుని తలుపున్న గదిలోకి మారొచ్చు.

కూరలు తరిగే ఆవిడ ముందే చెవిలో ఊదింది. "జాగ్రత్తక్కా. చిటికెడు ఉప్పు ఎక్కువైందని గంగాళం పప్పు పారబోయించిన మనిషి. జబ్బు చేసి రెండు నెలలు ఆసుపత్రిలో ఉండి మొన్ననే పన్లోకొచ్చాడు. ఇప్పుడింకెంత చిరాగ్గా ఉంటాడో."

గండం పొద్దున్నే వచ్చి పడింది. కొత్త వంటగది, ఒకేలాంటి డబ్బాలు. ఆమె టీ పెట్టి ఇస్తే ఆయన చివరి చుక్కదాకా తాగి, బాగుందమ్మా అని లేచాడు. తర్వాత ఆమె తన కప్పు నోట పెట్టుకుంటే ఉప్పు కషాయం! వెంటనే చెబుదామంటే ఉద్యోగం చేజారుతుందని భయమేసింది. పొరపాటు తనంతట తాను ఒప్పుకుంటుందో లేదో అని చూస్తున్నాడేమో అనుకుని ఇంకా హడలిపోయింది.

అప్పటినుంచీ ప్రశ్నలే. పులుపు చాలిందా, కారం దిగిందా, అన్నీ ఆమెనే అడిగాడు. తనూ గరిటె నాలిక్కి తాకించేవాడు గానీ ఏమీ అనేవాడు కాదు. మధ్యలో స్టూలు లాక్కుని ఆమె పొయ్యి పక్కనే కూర్చున్నాడు.

"రుచి చూడకుండా ఎలా తెలుస్తుందమ్మా?"

"వడ్డించకముందు నోట పెడితే మా అత్తగారు ఊరుకునేవారు కాదండీ. ముక్కుతోనే అలవాటైంది. ఉప్పు చాలకపోతే పప్పుకి పచ్చివాసన పోదు."

"ఎవరైనా నేర్చుకోవచ్చా?"

"నాకైతే ఆర్నెల్లు పట్టింది."

ఆయన జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు. మార్కులు వేస్తున్నాడనుకుంది.

మధ్యాహ్నానికి గంగాళాలు ఖాళీ అయ్యాయి. జనం మళ్లీ మళ్లీ వడ్డించుకున్నారు. మీ చేతి మహిమ తగ్గలేదండీ అని మెచ్చుకోవడానికి వచ్చినవాళ్లందరికీ ఆయన ఆమెనే చూపించాడు.

ఆమె గరిటెలు కడుగుతుంటే వచ్చి, రేపట్నుంచి హోటలుకి రమ్మన్నాడు. పొయ్యి దగ్గర ఎప్పుడూ తన పక్కనే ఉండాలన్నాడు. తలుపున్న గది ఆమె కళ్ల ముందు మెదిలింది. సంతోషంతో కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా పొద్దుటి టీ సంగతి దాచి ఆ ఉద్యోగంలో చేరడానికి మనసొప్పలేదు.

"తప్పయిపోయింది మాస్టారూ. పొద్దున పంచదారనుకుని మీ టీలో ఉప్పు వేశాను. మీరు పెద్ద మనసుతో ఓర్చుకుని తాగేశారు."

ఆయన మొహం పాలిపోయింది. కూరలు తరిగే ఆవిడ దగ్గర్లో లేదని చూసుకుని, గొంతు తగ్గించాడు.

"మీరు చెప్పేదాకా నాకు తెలియదమ్మా."