ఎవరూ ఆగని వీధి

పేవ్‌మెంట్ మీద ముసలాయన కుప్పకూలగానే, వీధికి అవతల ఆపిన కారులో ప్రొఫెసర్ లోరింగ్ సంబరంగా చేతులు రుద్దుకున్నాడు.

"అబ్బ, ఏం పడ్డాడు! చూశావా కెండ్రా? ఒంట్లో ఎముకల్లేనట్టు పడ్డాడు."

"చెప్పిన టైముకంటే ముందే పడ్డాడు ప్రొఫెసర్. నేనింకా కెమెరా కూడా తీయలేదు," అంది కెండ్రా.

"నటులకి తొందరెక్కువ. తియ్యి, తియ్యి."

అమెరికాలో బఫలో నగరపు తూర్పు పేట అది. ఒకప్పుడు వీధి పొడుగునా పోలండ్ వాళ్ళే. వాళ్ళ పిల్లలు ఊరి బయటికి తరలిపోయారు. తర్వాత నల్లజాతి కుటుంబాలు వచ్చాయి. ఇప్పుడు బంగ్లాదేశ్ వాళ్ళు వస్తున్నారు. పాత బేకరీ ఉన్నచోట హలాల్ మాంసం కొట్టు వెలిసింది. ఇలా మనుషులు మారుతూ పోతే ఒకరి గోడు ఒకరికి పట్టదనీ, చివరికి ఎవరికి వారే యమునా తీరే అవుతుందనీ లోరింగ్ సిద్ధాంతం. దానిమీద పుస్తకం రాశాడు. చివరి అధ్యాయానికి రుజువొక్కటే తక్కువ.

అందుకే మార్విన్ అనే ముసలి రంగస్థల నటుణ్ణి కుదిర్చి, జనం తిరిగే వేళ ఈ వీధిలో పడిపొమ్మన్నాడు. ఎవరూ ఆగకపోతే పుస్తకం అచ్చుకెళ్తుంది. కెండ్రా డాక్టరేటు మీద ఆయన సంతకం పడుతుంది. ఆగితే రెండూ అనుమానమే. ఈ సంగతి ఆ పిల్లకి ఆయన రెండోసారి చెప్పాల్సిన అవసరం రాలేదు.

వేషం కూడా లోరింగే ఎంచాడు. బూడిదరంగు కోటు, చెవులు మూసే టోపీ, మూతికి అడ్డంగా మఫ్లర్. జనవరిలో ఆ పేట ముసలివాళ్ళందరూ తొడుక్కునేవి అవే.

"ఆ సరుకుల సంచి మనం ఇవ్వలేదే?" అంది కెండ్రా.

"సొంత కల్పన! బంగాళాదుంపలు అలా దొర్లిస్తాడని నేనూ అనుకోలేదు. కళాకారుడంటే వీడు."

కుక్కతో ఒకాయన వచ్చాడు. కుక్క ఆగి వాసన చూసింది. ఆయన తాడు లాక్కుని పోయాడు. ఇద్దరు కుర్రాళ్ళు ఫొటో తీసుకుని కదిలారు. ఒకావిడ దొర్లిన దుంపని తొక్కకుండా జాగ్రత్తగా దాటింది.

"కుక్కే నయం," అన్నాడు లోరింగ్, పరమానందంగా.

అంతలో మాంసం కొట్టులోంచి ఒకామె పరుగెత్తుకొచ్చింది. పేరు రెహానా. పనిలోంచి అలాగే లేచి వచ్చినట్టుంది, నడుముకి కట్టుకున్న ఏప్రన్ కూడా విప్పలేదు. మోకాళ్ళ మీద కూలబడి ముసలాయన చెంప తట్టింది. ఫోను తీసింది.

లోరింగ్ ముఖం మాడిపోయింది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషికి నాలుగోది కనపడితే మరి అంతే.

"వెళ్ళు, ఆపు! అంబులెన్సుకి ఫోన్ చేసిందంటే సాయం చేసినట్టే. నా కొంప మునుగుతుంది. మార్విన్ వైపు మాత్రం చూడకు, జనానికి తెలిసిపోతుంది."

కెండ్రా మంచులో జారుతూ పోయి, రెహానా మోచెయ్యి పట్టుకుని పక్కకి లాగింది.

"ఫోన్ చెయ్యకండి. ఆయనకేం కాలేదు."

"ఏం కాకపోవడమేంటి తల్లీ! పిలిస్తే పలకట్లేదు. ఒళ్ళు చల్లబడిపోయింది."

"పలక్కుండా పడుకోడమే ఆయన పని. ఆయన నటుడు. మేం యూనివర్సిటీ వాళ్ళం. ఇది పరిశోధన." మెడలో కార్డు చూపించింది.

"నటుడేంటి? ఈ పెద్దాయన రోజూ ఇటే పోతుంటాడు. మా కొట్టు అద్దంలోంచి చూస్తూనే ఉంటాను."

"అవునండీ. జనానికి అలవాటవ్వాలని వారం నుంచీ ఈ దారిలోనే నడిపిస్తున్నాం."

రెహానా కార్డు వంక చూసింది. కారు వంక చూసింది. సిగ్గుతోనో కోపంతోనో ముఖం ఎర్రబడింది.

"అంటే మేం మనుషులమో పశువులమో కారులో కూచుని చూస్తున్నారన్నమాట. రేపు మీ అమ్మ పడితే కూడా ఇలాగే రాసుకుంటావా?"

విసురుగా లేచి, కొట్టు గుమ్మంలోకి వచ్చినవాళ్ళకి కేకేసింది. "ఎవరూ రాకండి! ఒట్టి వేషమట! మనకి పరీక్ష పెట్టారట!"

వాళ్ళు తిట్టుకుంటూ లోపలికి పోయారు. ఆ మాట వీధి చివరిదాకా పాకింది. తర్వాత వచ్చినవాళ్ళు నవ్వుకుంటూ దాటిపోయారు. ఒకడైతే వంగి, "ఎంతిస్తున్నారు తాతా?" అని అడిగి మరీ వెళ్ళాడు.

కెండ్రా తిరిగి కారెక్కింది. "ఆ కొట్టామె గురించి ఏం రాయను?"

"ఫోన్ చేసిందా?"

"మనమే కదా ఆపాం."

"చెయ్యలేదు. వంగింది, అంతే. వంగడం సాయం కాదు. ఎవరూ ఆగలేదని రాయి."

కెండ్రా రాసింది. రాయక చస్తుందా?

ముసలాయన కోటు మీద మంచు పేరుకుంటోంది.

"ఇంక లేపుదాం ప్రొఫెసర్. పాపం, పెద్ద వయసు."

"ఉండనీ. టోపీ కూడా కప్పుకుపోనీ. పుస్తకం అట్ట మీద వేసే బొమ్మ ఇదే." నాలుగైదు ఫొటోలు తీసుకుని, సీటు వెనక్కి వాల్చుకుని, లోరింగ్ తన పుస్తకంలో చివరి వాక్యం పైకి చదివాడు. "ఈ వీధిలో మనిషి చచ్చిపోతున్నా పక్కవాడు తిరిగి చూడడు." ఆ మాటకి ఆయనకే కళ్ళు చెమర్చాయి.

అప్పుడే ఎవరో కారు అద్దం మీద తట్టారు, దించి చూస్తే బూడిదరంగు కోటులో రొప్పుతూ నిలబడ్డ మార్విన్, "తిట్టకండి ప్రొఫెసర్, బస్సు మంచులో ఇరుక్కుపోతే నడిచొచ్చాను, ఇప్పుడెళ్ళి పడమంటారా?" అన్నాడు.