నాలుగో పంపు గోల

“మేడమ్, నాలుగో పంపు అలారం మళ్లీ మొదలెట్టింది,” అన్నాడు ఆపరేటర్ ఎపెలి.

“సువాలో వాన పడ్డప్పుడల్లా దానిదదే గోల. నోరు మూయించు,” అంది లిటియా. సువా నగర మురుగునీటి కంట్రోల్ రూమ్‌కి ఆమే మేనేజర్.

ప్రతి వానకీ నొక్కినట్టే ఎపెలి మీట నొక్కాడు. గది ప్రశాంతమైంది. లిటియా టీలో బిస్కెట్ ముంచింది.

ఫోన్ మోగింది. అత్తగారు.

“అమ్మాయ్, ఈ ఆదివారం పాస్టరుగారికి భోజనం పెట్టే వంతు మనదని ఇవాళ పిలిచాం కదా. ఆయన మన బాత్‌రూమ్‌లో స్టూలెక్కి నిలబడ్డారు. మురుగు పైకి తన్నుకొస్తోంది. మీ వాళ్లెవరికైనా చెప్పవే!”

తమ వీధి నాలుగో పంపు కిందికే వస్తుందని లిటియాకి అప్పుడు గుర్తొచ్చింది. బిస్కెట్ విరిగి టీలో మునిగిపోయింది.

ఫోన్ పెట్టేసిందో లేదో, మళ్లీ మోగింది.

ఎపెలి నిదానంగా అడిగాడు: “దీని నోరు కూడా మూయించమంటారా, మేడమ్?”