ఒలికిన తీర్థం

భర్త చేయి అంత నిలకడగా ఉంటే తీర్థం ఎందుకు ఒలుకుతుందన్న సందేహం అలివేలుకి ఆరేళ్ళుగా ఉంది. ఊరందరిలాగే ఆమె కళ్ళల్లోనూ కదిలేదాన్ని నిలబెట్టి చూపించే లెన్సులున్నాయి. వాటిలోంచి చూస్తే బస్సు కుదుపూ కనిపించదు, దీపం రెపరెపలూ కనిపించవు.

ఆ ఉదయం కళ్ళు మండి, లెన్సులు తీసేసి పూజగదిలో తీర్థానికి చేయి చాచింది. భర్త శేషయ్య చేయి వణికి వణికి, చెదిరిపోయిన ముగ్గులా కనిపించింది. అందులో ఉద్ధరిణె ఎక్కడుందో కూడా తెలియలేదు.

"ఇదెప్పట్నుంచండీ?" అంది అలివేలు.

"నువ్వు నన్ను శ్రద్ధ లేని మనిషినని తిట్టడం మొదలెట్టినప్పట్నుంచీ."

"చెప్పొచ్చుగా!"

"నీ కళ్ళకి బాగానే ఉన్నానుగా. అది చాల్లే అనుకున్నా."

పెళ్ళైన కొత్తలో ఆమె చేయి విరిగితే నెల్లాళ్ళూ అన్నం కలిపి తినిపించింది ఆయనే. ఆ మధ్యాహ్నం లెన్సులు లేకుండానే అలివేలు పప్పన్నం కలిపి, మొదటి ముద్ద ఆయన నోటికందించింది.