పక్క మంచం

మార్చి పదకొండు. ఆ పొద్దున లెక్కల టీచరు తిన్నది ఒక బ్రెడ్డు ముక్క, సగం అరటిపండు.

మిగతా సగం భర్త నోట్లో వేసుకుంటూ, "ఇకనుంచి మూడు వాటాలు వెయ్యాలోయ్!" అన్నాడు.

"ఊరుకోండి, దిష్టి తగులుతుంది" అంది గానీ, నవ్వాపుకోలేకపోయింది.

ఆమె అండాలు పనికిరావని తేలాక, ఎవరో దాత అండం ఇచ్చింది. ఎవరో చెప్పకూడదని ఆసుపత్రి నియమం.

"ఆ తల్లి ఎదురుపడితే నెత్తిన పెట్టుకుంటానండీ" అందామె.

మధ్యాహ్నం పిండాన్ని ఆమె గర్భంలో పెట్టారు. ఆ రాత్రికి అక్కడే ఉండమన్నారు.

కళ్లు మూసుకుంది. కిటికీ తెర గాలికి ఉబ్బుతోంది, తగ్గుతోంది. మంచం నీళ్ల మీద తేలుతున్నట్టుంది.

వేరే గది ఖాళీ లేదని పక్క మంచం మీదికి ఒకమ్మాయిని తెచ్చారు. పాతికేళ్లుండవు. పొట్ట ఇంతెత్తున ఉంది.

టీచరు ఆ పొట్ట వైపే చూసింది. ఏడేళ్లుగా తనకు దొరకనిది ఈ పిల్లకి ఎంత సులువుగా!

"అక్కా, ఆ బెల్లు నొక్కుతారా? ఊపిరాడట్లేదు."

బెల్లు టీచరు చేతి పక్కనే ఉంది.

"నిండు నెలల్లో అందరికీ అంతేలే. ఓర్చుకోవాలి. నన్నసలు కదలొద్దన్నారు."

అమ్మాయి దిండుకి ఒరిగి నోటితో గాలి పీల్చుకుంది.

"మీరూ పిల్లల కోసమేనా అక్కా?" అంది.

"ఊఁ."

"నిలుస్తుంది. నాకెందుకో అనిపిస్తోంది."

"నీకేం, ఎన్నయినా చెబుతావు."

కదలొద్దన్నారన్న మనిషి గోడవైపు తిరిగి పడుకుంది.

కలలో ఒక చంటిబిడ్డ నీళ్ల మీద నడిచొచ్చింది. చేతిలో సగం అరటిపండు.

మెలకువ వచ్చేసరికి పొద్దుగూకింది. పక్క మంచం ఖాళీ.

"ఆ అమ్మాయికి కాన్పయిందా?" అడిగింది నర్సుని.

"కాన్పేంటమ్మా! ఆ పిల్ల అండాలిచ్చిన దాత. ఎక్కువ రావాలని ఇచ్చిన ఇంజెక్షన్లు ఒంటికి పడక కడుపులో నీరు చేరింది. నేను మందులు తెచ్చేసరికి పెదాలు నీలంగా ఉన్నాయి. ఎవరైనా కాస్త ముందు పిలిచుంటే అంత దూరం వచ్చేది కాదు. పెద్దాసుపత్రికి పంపాం."

"అయ్యో... ఇప్పుడెలా ఉంది?"

"ఇందాకే ఫోనొచ్చింది. గండం గడిచిందట."

టీచరు బెల్లు వైపు చూసింది.

"ఎవరి కోసం ఇచ్చింది?" అంది.

నర్సు టీచరు పొట్ట మీది దుప్పటిని పసిబిడ్డకు కప్పినంత మెల్లగా సర్ది, లైటు తీసి, చప్పుడు కాకుండా తలుపు మూసి వెళ్లింది.