సగం చింపిన టికెట్టు

తాళం ఏదైనా సరే, బావ చెయ్యి పడితే తెరుచుకునేది. తాళంచెవితో పనిలేదు. ఆ పనితనం చూసి ముచ్చటపడి రెండేళ్ళు జైల్లో ఉంచుకున్నారు. బయటికొచ్చి రెండు నెలలైంది. ఇంకోసారి దొరికితే పిల్లల్ని తీసుకుని వెళ్ళిపోతానని భార్య చెప్పింది. అరవకుండా, చీర మడతపెడుతూ చెప్పింది. అందుకే బావకి భయం పట్టుకుంది.

ఆమె అక్కడితో ఆగలేదు. మొగుడు బుద్ధిగా ఉంటున్నాడో లేదో చూడమని సొంత తమ్ముణ్ణి కాపలా పెట్టింది. తమ్ముడు కాపలా బాగానే కాశాడు. వారం తిరక్కుండానే తనే బావ సంచి మోసే పనిలో కుదిరాడు.

ఈసారి మర్యాదస్తుల పద్ధతిలో వెళ్దామన్నాడు బావ. ఊళ్ళో నడక టూరు ఒకటుంది. సగం పాతపేట, సగం కొత్తపేట, మొత్తం మూడు గంటలు. ఏ తలుపు ఏ కాలందో, ఏ ఇంట్లో ఏముందో గైడే నిలబెట్టి చెబుతాడు. కాళ్ళరిగేలా తిరిగి ఇల్లు వెతుక్కునే బాధ లేదు. పైగా టికెట్టు కొనుక్కుని వచ్చిన దొంగని ఎవరు అనుమానిస్తారు?

గైడు ముసలాయన. నల్ల గొడుగు, అరిగిన చెప్పులు, నోట్లో వేలు పెట్టినా కొరకలేని మొహం. పాతపేట రాతి ద్వారం దగ్గర అందరి టికెట్లూ సగం చింపాడు. మిగతా సగం కొత్తపేటలో చింపుతానన్నాడు. తర్వాత గొడుగు మొనతో మనుషుల్ని లెక్కపెట్టాడు. మధ్యలో దగ్గొచ్చింది. మళ్ళీ మొదటికొచ్చాడు. మూడోసారికి ఇరవై మంది తేలారు.

"ఈయనకి సగం మంది తగ్గినా తెలీదురా," అన్నాడు బావ.

గడియారపు మేడ అయింది. చెక్క వంతెన అయింది. ఒక సన్నటి సందు చివర, ఇనుప బొడిపెలున్న పాత తలుపు ముందు గైడు ఆగాడు.

"ఇది ఒకప్పుడు నగలు చేసేవాడి ఇల్లండి. తలుపుకి నూటయాభై ఏళ్ళు. తాళమూ అప్పటిదే. లోపల ఇప్పటికీ బంగారం ఉంటుంది. సొంతదారులు వచ్చేదాకా భద్రంగా దాస్తారు. దాచేదెవరో, ఆ మిగతా కథ అవతలి వైపుకెళ్ళాక చెబుతాను."

కాపలా ఉండదా అని ఎవరో అడిగారు. ఈ సందులో తానెప్పుడూ కాపలావాణ్ణి చూడలేదన్నాడు గైడు. అందరూ తలుపు మీది చెక్కడాలు చూస్తున్నారు. టోపీ పెట్టుకున్న ఒకాయన మాత్రం తాళానికి ఫోటో తీసుకున్నాడు. ఏం మనుషులో అని బావ జాలిపడ్డాడు.

గొడుగు మలుపు తిరిగింది. జనం దాని వెంట వెళ్ళారు. వీళ్ళిద్దరూ చెప్పు తెగినట్టు వెనక ఆగిపోయారు.

"మిగతా కథ వినొద్దా బావా?"

"అవతలన్నీ అద్దాల మేడలే. అద్దంలో చూడ్డానికి ఏముంటుందిరా, మన మొహాలు తప్ప."

"అక్కకి తెలిస్తే?"

"నువ్వు చెప్తేనేగా."

బావ వంకర తీగ తీశాడు. బావమరిది రెండోసారి తుమ్మేలోపు తాళం ఊడింది.

లోపల గోడల నిండా అరలు. అరల నిండా గొలుసులు, గాజులు, గడియారాలు. ఒక్కో వస్తువు ఒక్కో కవర్లో, కవరు మీద నంబరు. ఎంత పొందికైన మనిషో అని ఇంటాయన్ని బావ మెచ్చుకున్నాడు. పట్టినన్ని నంబర్లతో సహా సంచిలోకి దిగిపోయాయి.

అంతలో వెనక సందులో అడుగుల చప్పుడైంది. ఎవరో తలుపు దాకా వచ్చారు. ఇద్దరూ సంచి ఎత్తుకున్నారు. ఎదురుగా ఉన్న రెండో తలుపు తోసుకుని, నడవాలో పరిగెత్తి, చివరి తలుపు తీశారు.

కళ్ళు చెదిరే వెలుతురు. పెద్ద హాలు. ముందు గోడంతా అద్దమే. వరసగా బల్లలు, బల్లల వెనక యూనిఫాం వేసుకున్న ఏడెనిమిది మంది. అద్దం అవతల, కొత్తపేట వీధిలో, టూరు జనం నిలబడి సంచితో ఉన్న ఇద్దర్నీ చూస్తున్నారు.

గైడు గొడుగెత్తి మిగతా కథ చెబుతున్నాడు. పాత ఇంటి ముందు భాగం పడగొట్టి ఈ పోలీసు స్టేషను కట్టారట. వెనక భాగం అలాగే ఉంచారట. దొంగల దగ్గర దొరికిన నగలు ఆ గదిలోనే దాస్తారట.

ఇన్‌స్పెక్టరమ్మ సంచి అందుకుంది. బావ జేబులోంచి టికెట్టు తీసి, మిగిలిన సగం తనే చింపింది. సొరుగు లాగి అందులో పడేసింది. అప్పటికే సొరుగులో అలాంటి సగాలు గుప్పెడున్నాయి.

"ఇంట్లో ఎవరికి చెప్పమంటారు?"

"ఎవరికైనా చెప్పండి గానీ, మా అక్కకి మాత్రం వద్దండీ," అన్నాడు బావమరిది.

"అయితే ఆవిడ నంబరే చెప్పు."

బావ తల దించుకుని నంబరు చెప్పాడు. అవతల మోగుతోంది.

టూరు జనాన్ని పంపేసి గైడు లోపలికొచ్చాడు. గొడుగు మూసి ఇన్‌స్పెక్టరమ్మ పక్క కుర్చీలో కూర్చున్నాడు. ఆమె మంచినీళ్ళ గ్లాసు ఆయన వైపు జరిపింది.

"ఇవాళ ఇద్దరు, నాన్నా."

"నా లెక్కకి ముగ్గురు తగ్గారమ్మా. టోపీ ఆయన ఇంకా సంచి సర్దుకుంటున్నట్టున్నాడు, కాస్త ఆగు."